చిత్త కార్తె రాకముందే: కుక్కల ఆపరేషన్ల గురించి నాలుగు మాటలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో స్థానిక పశువైద్యాధికారిణి చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయిన సభ్యులు కూడా చదువుకునేందుకు వీలుగా ఇక్కడ ఇస్తున్నాం.)



పొదుపులు, అప్పులు, వసూళ్ళు, స్త్రీనిధి లెక్కలు అన్నీ విన్నారు. ఇప్పుడు ఈ డాక్టరమ్మ వచ్చి కుక్కల గురించి మాట్లాడుతుందేమిటని వెనక వరుసలో నవ్వుతున్నారు. నవ్వండి, తప్పేం లేదు. ఒక్క మాట అడుగుతాను. సంఘం అప్పుతో గొర్రెలు, మేకలు, కోళ్ళు కొన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామంది ఉన్నారు. ఇప్పుడు కుక్కల వల్ల ఒక్క పిల్లనైనా, ఒక్క కోడినైనా పోగొట్టుకోని వాళ్ళు చెయ్యి దించండి. చూశారా, దిగిన చేతులు ఎన్ని ఉన్నాయో! జీవం పోయినా కంతు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. కుక్క తినేసిందంటే బ్యాంకు మాఫీ చెయ్యదు. అందుకే ఇది మన సంఘంలో మాట్లాడాల్సిన విషయమే.

జీవాల కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. రేబిస్‌తో ప్రపంచంలో చనిపోయేవాళ్ళలో మూడో వంతు మన దేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏడాదికి 18 వేల నుంచి 20 వేల ప్రాణాలు. అందులో ఎక్కువమంది పేదలు. చాలామంది 15 ఏళ్ళు నిండని పిల్లలు. పిల్లలు పొట్టిగా ఉంటారు, కాటు మొహం మీద, మెడ మీద పడుతుంది. తిడతారేమోనని ఇంట్లో చెప్పరు కూడా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు మీద వీధికుక్కలు గుంపుగా పడి చంపేసిన సంగతి టీవీల్లో మీరంతా చూసే ఉంటారు. అంత చిన్న ప్రాణం పోయాక కుక్కల మీద కోపం రాదా? వస్తుంది. ఆ కోపంతో ఏం చేస్తే కుక్కలు తగ్గుతాయి, ఏం చేస్తే తగ్గవు అన్నదే ఈరోజు నా మాట.

కుక్కలు ఎందుకు పెరుగుతున్నాయి

చిత్త కార్తె కుక్కలు అన్న మాట మన పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. తిట్టుగా వాడతాం గానీ అందులో మంచి లెక్క ఉంది. ఆడకుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకొస్తుంది. వీధికుక్కలు మాత్రం వానలు తగ్గుముఖం పట్టాక, అంటే చిత్త కార్తె ఆ చుట్టుపక్కల, అక్టోబరులో ఎక్కువగా కలుస్తాయి. రెండు నెలలు మోస్తాయి, 63 రోజులు అటూ ఇటూగా. అందుకే మనం ధనుర్మాసం ముగ్గులు వేసే రోజుల్లో ఏ గడ్డివాము పక్కన చూసినా కుక్కపిల్లలే. ఈతకు నాలుగైదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పిల్లల తల్లి దగ్గరికి ఎవరు పోయినా మీదికి వస్తుంది. ఆ రోజుల్లో బడికి పోయే పిల్లల్ని కాపాడుకోవడం ఒక పని.

ఒక కుక్క ఆరేళ్ళలో వేల కుక్కలవుతుందని కొందరు లెక్కలు చెబుతారు. అది కాగితం మీది లెక్క. పశ్చిమ బెంగాల్లో వీధికుక్కల పిల్లల్ని వెంబడించి చూసిన పరిశోధకులకు తేలిందేమిటంటే, ప్రతి ఐదు పిల్లల్లో నాలుగు ఏడు నెలలు నిండకుండానే చనిపోతున్నాయి. బండ్ల కింద పడి, రోగాలొచ్చి, మనుషుల చేతుల్లో. అంటే పుట్టేది ఎక్కువ, బతికేది తక్కువ. బతికిన ఆ ఒక్కటి మళ్ళీ నాలుగైదు పెడుతుంది. తల్లికి సుఖం లేదు, పిల్లకు సుఖం లేదు, ఊరికీ సుఖం లేదు.

ఇంకొక సంగతి మనలో మనం చెప్పుకోవాలి. ఇంటికి కుక్కపిల్ల కావాలంటే ఏది తెచ్చుకుంటాం? మగదాన్ని. ఆడపిల్లల్ని ఏం చేస్తాం? గోతంలో వేసి పక్క ఊరి చెరువు కట్ట మీదో, బస్టాండు దగ్గరో, కోడిమాంసం అంగడి వెనకో వదిలిపెట్టి వస్తాం. ఏడాదికల్లా అవే పిల్లలు పెడతాయి. మన ఊరి ఆడపిల్లల్ని వాళ్ళ ఊర్లో, వాళ్ళ ఊరి ఆడపిల్లల్ని మన ఊర్లో వదులుకుంటూ ఉంటే లెక్క ఎప్పుడు తగ్గుతుంది? ఆడపిల్ల అనగానే వదిలించుకునే అలవాటు మనుషుల్లో ఎంత చేటు చేసిందో మనకు తెలుసు. కుక్కల్లోనూ అంతే.

మూడోది తిండి. కోళ్ళ అంగళ్ళ వ్యర్థాలు, పెళ్ళి విస్తళ్ళు, చనిపోయిన గొర్రెల్ని ఊరి బయట పారేయడం. ఒకప్పుడు చచ్చిన పశువుల్ని రాబందులు గంటల్లో శుభ్రం చేసేవి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ తిండి కుక్కల పాలైంది. ఎంత తిండి ఉంటే అన్ని కుక్కలు బతుకుతాయి.

విషం పెడితే తగ్గవా?

ప్రతి ఊర్లో ఈ ప్రశ్న వస్తుంది. తగ్గవు. మద్రాసు నగరంలో వందేళ్ళకు పైగా కార్పొరేషన్ వాళ్ళు కుక్కల్ని పట్టి చంపుతూనే ఉన్నారు. కుక్కలు తగ్గలేదు, రేబిస్ తగ్గలేదు. చివరికి 1996లో అక్కడ చంపడం మాని ఆపరేషన్ల దారి పట్టారు. చంపితే ఎందుకు తగ్గవంటే, ఊర్లో తిండి ఎప్పటిలాగే ఉంటుంది. ఖాళీ అయిన వీధిలోకి పక్క ఊరివి వస్తాయి. మిగిలినవాటికి తిండి ఎక్కువై వాటి పిల్లలు ఎక్కువ బతుకుతాయి. కొత్తగా వచ్చినవాటికి టీకా ఉండదు, ఊరి మనుషుల అలవాటూ ఉండదు. మన వీధి కుక్క మన పిల్లల్ని ఎరుగును. కొత్తది ఎరగదు.

విషం పెట్టిన మాంసం కుక్క ఒక్కటే తినదు. మీ కోడి తింటుంది, పెంపుడు కుక్క తింటుంది, కాకులు తింటాయి, పసిపిల్లాడు ముట్టుకుంటాడు. పైగా నేరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపితే, అవిటి చేస్తే ఐదేళ్ళదాకా జైలు పడొచ్చు. పంచాయతీ చెప్పింది చేశానంటే చట్టం వినదు.

బండిలో వేసుకుపోయి అడవిలో దింపి రావడమూ ఇంతే. మన బాధ ఇంకో ఊరి అక్కచెల్లెళ్ళ నెత్తిన పెట్టినట్టు.

ఆపరేషన్ అంటే ఏమిటి

ఆడకుక్కకు మత్తు ఇచ్చి, పొట్ట కింద చిన్న కోత పెట్టి, అండాశయాలు, గర్భసంచి తీసేస్తాం. మగకుక్కకు వృషణాలు తీసేస్తాం. ఆరు నెలలు నిండాక చేయించవచ్చు. నొప్పి తెలియకుండా మందు ఇస్తాం, కుట్లు వేస్తాం, అదే పూట రేబిస్ టీకా వేస్తాం. మత్తులో ఉండగానే చెవి కొసను కొంచెం కత్తిరించి గుర్తు పెడతాం. వీధిలో చెవి కొస లేని కుక్క కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందనీ, టీకా పడిందనీ అర్థం. దాన్ని తరమకండి. అది మీ వీధికి కాపలా.

రాజస్థాన్‌లోని జైపూర్‌లో 1994 చివర్లో ఒక స్వచ్ఛంద సంస్థ ఈ పని మొదలుపెట్టింది. 2002 ఆఖరుకు దాదాపు 25 వేల కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు పూర్తి చేశారు. ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్ అయ్యేసరికి ఆ ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. పని జరిగిన చోట మనుషుల రేబిస్ కేసులు సున్నాకు వచ్చాయి. పని జరగని చోట పెరిగాయి. గోవాలో ఊరూరా కుక్కలకు టీకాలు వేసి, బడి పిల్లలకు కుక్కల దగ్గర ఎలా మెలగాలో నేర్పారు. 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. అందులో మాయ ఏమీ లేదు. పదింట ఏడు కుక్కలకు ఏటేటా టీకా పడితే రోగం ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకే దారి తెగిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏడాదికి రెండు మూడు కుక్కలకు చేయించి ఊరుకుంటే ఫలితం ఉండదు. మిగిలినవి ఆ లోటు పూడ్చేస్తాయి. ఊర్లో ఆడకుక్కల్లో ఎక్కువభాగానికి, ఒకే విడతలో, చిత్త కార్తె రాకముందే అవ్వాలి. ఆషాఢం, శ్రావణం మంచి అదను. పొలానికి అదనెంత ముఖ్యమో దీనికీ అంతే.

మీ అనుమానాలు

ఆసుపత్రికి వచ్చే అక్కలు అడిగేవి ఇక్కడే చెప్పేస్తాను.

“ఒక్క ఈతైనా కానివ్వాలి కదా డాక్టరమ్మా?” అక్కర్లేదు. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే ఆడకుక్కకు పాలగడ్డలు వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. గర్భసంచిలో చీము పట్టే జబ్బు అసలే రాదు.

“మగదానికి చేయిస్తే కాపలా కాయదంట కదా?” కాస్తుంది. ఆడకుక్కల వెంట పడి నాలుగు ఊళ్ళు తిరగదు, కొట్లాడుకొని పుండ్లతో రాదు, ఇంటిపట్టున ఉంటుంది. మన మగవాళ్ళు వాళ్ళకు చెప్పిన ఆపరేషన్‌కు ఏయే సాకులు చెప్పారో, కుక్క తరఫునా అవే సాకులు చెబుతున్నారు! అయితే డబ్బు కొంచెమే ఉంటే ముందు ఆడవాటికి చేయించండి. ఊర్లో ఒక్క మగకుక్క మిగిలినా ఆడకుక్కలన్నీ కడుపుతో అవుతాయి. లెక్క తగ్గించేది ఆడకుక్క ఆపరేషనే.

“పాపం కాదా?” ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్క. కాలభైరవుడికి వాహనం కుక్క. దాని మీద దయ ఉంటే, పుట్టిన ఐదు పిల్లల్లో నాలుగు రోడ్డు మీద చచ్చిపోవడం చూస్తూ ఊరుకోవడమే పాపం అంటాను నేను.

“పిల్లి సంగతేమిటి?” పిల్లి కూడా రెండు నెలలకు కాస్త పైన మోస్తుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు పెడుతుంది. దానికీ ఇదే ఆపరేషన్.

ఖర్చు ఎవరు పెట్టాలి

పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి పోతే ఒక్క కుక్కకే వేలల్లో అవుతుంది. కూలికి పోయే ఇల్లు అంత పెట్టలేదు. అందుకే ఇది ఒక్క ఇంటి పని కాదు, ఊరి పని. చట్టం కూడా అదే అంటోంది. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. అంటే పట్నంలో మునిసిపాలిటీ, మన దగ్గర పంచాయతీ. ఇంట్లో పెంచుకునే కుక్క బాధ్యత ఇంటివాళ్ళది.

2025లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం పట్టించుకుంది. ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ వదలకూడదనీ ఆగస్టు 22న చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోకి కుక్కలు రాకుండా చూడాలనీ, అక్కడ పట్టినవాటిని మళ్ళీ అక్కడే వదలకూడదనీ నవంబరు 7న చెప్పింది. కాబట్టి గ్రామసభలో మీరు అడిగేది దానం కాదు. పంచాయతీ చేయాల్సిన పని చేయమంటున్నారు.

ఖర్చు తగ్గే దారి సంఘానికి చెప్పనక్కర్లేదు. పదిమంది కలిస్తే విత్తనాలు తక్కువకు వచ్చినట్టే ఇదీ. బండి బాడుగ, కుక్కల్ని పట్టే మనుషుల కూలి, డాక్టరు రాక, ఇవి ఒక్క కుక్కకైనా ఇరవై కుక్కలకైనా దాదాపు ఒకటే. రెండు మూడు ఊళ్ళ గ్రామ సంఘాలు కలిసి ఒకే వారంలో పెట్టుకుంటే తలకు పడే ఖర్చు బాగా దిగుతుంది. పెంపుడు కుక్క ఉన్నవాళ్ళు తమ వాటా తాము కట్టాలి. ఒకేసారి కట్టలేకపోతే సంఘంలో చిన్న అప్పు తీసుకోవచ్చు. గొర్రెపిల్ల పోయాక ఏడ్చేకంటే అది మేలు.

కానీ అక్కలారా, చవక అంటే నిర్లక్ష్యం కాదు. ఆడవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి ఒక్కరోజే కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. పేదవాళ్ళు కదా, ఎలా చేసినా సరిపోతుంది అనుకున్న చోట అలాగే అవుతుంది. మనకు జరగకూడదనుకునేది నోరులేని జీవికీ జరగనివ్వకూడదు. బడి వరండాలో బల్ల వేసి చేసే ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. మీరు చూడాల్సినవి ఇవి:

చేసే సంస్థకు భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉందా? ఆపరేషన్ చేసేది పశువైద్యుడేనా? శుభ్రమైన గది, కుక్క కుక్కకూ వేరే శుభ్రం చేసిన పనిముట్లు ఉన్నాయా? ఆపరేషన్ అయ్యాక కోలుకునేదాకా విడివిడిగా ఉంచే గూళ్ళు ఉన్నాయా? పిల్లలకు పాలిచ్చే తల్లిని పట్టుకుపోతున్నారా? పట్టుకుపోతే ఆపండి, పిల్లలు రెండు నెలల వాళ్ళయ్యాక తీసుకుపొమ్మనండి. ఏ వీధిలో పట్టారో రాసుకొని ఆ వీధిలోనే వదులుతున్నారా?

పట్టడం దగ్గర మీ చెయ్యి పడితే సగం పని అయినట్టే. ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏది కడుపుతో ఉందో, ఏది ఎవరింటి మెతుకుకు వస్తుందో పంచాయతీ గుమాస్తాకు తెలియదు, మీకు తెలుసు. రోజూ అన్నం పెట్టే అవ్వ పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చే కుక్కను, వలతో తరిమితే మూడు మైళ్ళు పరిగెత్తిస్తుంది. మత్తు ఇవ్వాలి కాబట్టి ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు. అదీ అన్నం పెట్టే చెయ్యికే సాధ్యం.

కాటు పడితే

ఆపరేషన్లు మొదలుపెట్టిన రోజే కాట్లు ఆగిపోవు. కాబట్టి ఇది కూడా రాసుకోండి. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెత వరకే. కాటుకు కావాల్సింది సబ్బు, నీళ్ళు. కుళాయి కిందో, చెంబుతో ధారగా పోస్తూనో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత కాలం మాట. ఇప్పుడు చేతికే వేస్తారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేయాలి, అడిగి వేయించుకోండి. రెండు సూదులయ్యాక బాగుంది కదా అని ఆపొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. నాటువైద్యానికి పోయి ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి.

ఈ సభ నుంచి మీ ఊరికి తీసుకుపోవాల్సినవి

మొదటిది, వచ్చే సంఘం సమావేశంలో మీ వీధిలో కుక్కల్ని లెక్కపెట్టండి. మగవెన్ని, ఆడవెన్ని, చెవి కొస లేనివెన్ని, ఎవరైనా పెంచుకునేవెన్ని. గ్రామ సంఘం పుస్తకంలో ఒక పేజీ చాలు. లెక్క లేకుండా ఏ అధికారీ కదలడు.

రెండోది, ఆ లెక్క పట్టుకొని గ్రామసభకు పోండి. ఆపరేషన్లకు, టీకాలకు పంచాయతీ నిధులు కేటాయించాలని, కోడి అంగళ్ళ వ్యర్థాలు గుంత తీసి పూడ్చాలని తీర్మానం రాయించండి. నోటిమాట వద్దు. తీర్మానం నకలు ఒకటి సమాఖ్యకు, ఒకటి మా పశువుల ఆసుపత్రికి పంపండి. పక్కపక్క ఊళ్ళు కలిపి తేదీ పెట్టే పనిలో నేను తోడుంటాను.

మూడోది, ఈ ఏడాది ఏ ఆడకుక్కపిల్లనూ గోతంలో వేసి ఊరు దాటించమని మీలో మీరు మాట తీసుకోండి. ఇంట్లో పెంచుకునేవాటికి మూడు నెలలకు టీకా, ఆ తర్వాత మళ్ళీ ఒకటి, అటుపైన ఏటేటా వేయించండి.

అప్పు కంతుకు గడువు ఉన్నట్టే దీనికీ ఒకటుంది, చిత్త కార్తె. ఆ లోపు ఎన్ని ఊళ్ళు లెక్కలు రాసి తీర్మానాలు పంపితే అన్ని ఊళ్ళకు ముందు తేదీలు అడుగుదాం. బయట బల్ల మీద లెక్క రాసే కాగితాలు పెట్టించాను. పోయేటప్పుడు ఊరికొకటి చొప్పున తీసుకుపోండి.